పోశెట్టి కొట్టంల రంపం

మోస్రా శివారుల, చెరుకు తోటల పక్కన పోశెట్టి కొట్టం ఉంది. చీకటి పడితే అటు పోయేటోళ్లు రెండుసార్లు దగ్గి మరీ పోతరు... "వస్తున్నం, జర జరుగు" అన్నట్టు. వెనకట అక్కడ బెల్లం వండేటోళ్లు. గానుగల చెరుకు పెడుతుంటే పోశెట్టి చెయ్యి నలిగి పానం పోయిందట. అప్పటిసంది వేళ్ల కోసం దేవులాడుతుండంటరు. ఎవలి వేళ్లయినా సరే. ఏం దెయ్యమో, సైజు కూడ చూడదు.

శివకుమార్‌కు ఇసొంటి మాటలు చెవికెక్కవు. ఆ కొట్టం తన ఇంటి వెనకనే. భార్య వినీత నీళ్లాడే దినాలు దగ్గరపడ్డయి. పుట్టబోయే బిడ్డకు తొట్టెల తన చేత్తోనే చెయ్యాలని పట్టు. కొట్టంల బల్ల పెట్టి, నడుమ రంపం చక్రం బిగించిండు. ఎండిన బాయి కాడి మోటరును స్టార్టర్ డబ్బాతో సహా తెచ్చి తగిలించిండు.

"చక్రానికి మూత పెట్టు బిడ్డా," అన్నది తల్లి అంజవ్వ.

"రేపు పెడ్త."

ఆ రేపు రానే లేదు.

మిషన్ బిగించిన రాత్రే మొదలైంది. అందరు బువ్వ తింటున్నరు. కరెంటు పోయి వచ్చింది. బల్బు వెలిగిందో లేదో, కొట్టంల గుర్ర్... మని మిషన్ తిరిగింది. లోపట ఎవలు లేరు. వినీత చేతిల ముద్ద చేతిలనే ఉంది.

"పోశెట్టే..." అన్నది మెల్లగ.

"ఎలుకలు," అన్నడు శివకుమార్.

ఎలుకలు మిషన్ నడుపుతయా, మీరే చెప్పుండ్రి.

తెల్లారి మాపటికి ఆఖరి పలక కోస్తున్నడు. నడుమల కరెంటు పోయింది. చక్రం ఆగింది. చెక్కముక్క ఒకటి పళ్లల్ల ఇరుక్కుంది. కరెంటే లేదు గదా అని, ఫోను లైటు పట్టుకొని... మెల్లగ వేళ్లు లోపట పెట్టిండు.

వెనక ఎవలో దగ్గిండ్రు.

"చెయ్యి... తియ్యి."

చెయ్యి గుంజుకొని తిరిగి చూసిండు. ఎవలు లేరు... చెరుకాకుల గలగల తప్ప. అంతలనే గుర్ర్... మని చక్రం లేచింది. ఇరుక్కున్న ముక్క చెవి పక్కకెల్లి పోయి గోడకు తాకింది. ఒక చెప్పు అక్కడనే ఇడిచి ఉరికిండు.

అంజవ్వ అరుగు మీద బీడీలు చుట్టుకుంటనే కొడుకు చెప్పిన మిషన్ ముచ్చటంతా ఇన్నది. "ఆ మోటరుకు ఆటో స్టార్టర్ పెట్టింది ఎవలు బిడ్డా?"

శివకుమార్ నెత్తి కొట్టుకున్నడు. తనే. రాత్రిపూట లేచి బాయి కాడికి ఎవలు పోతరని, కరెంటు రాంగనే మోటరు దానంతలదే నడిచేటట్టు అప్పట్ల తనే బిగించిండు. చెరుకుకు నీళ్లు పారిచ్చిన తెలివి ఇప్పుడు వేళ్ల మీదికి వచ్చింది. వినీత నవ్వాపుకోలేక కడుపు పట్టుకుంది.

"పోశెట్టిని ఉత్తగ బద్నాం చేస్తిమి," అన్నది.

తెల్లారి ఆ డబ్బా పీకేసిండు. కరెంటు పోయొచ్చినా, చేత్తో నొక్కితే తప్ప నడవని స్విచ్ పెట్టిండు. చక్రానికి మూత పెట్టి, చెక్కను తోయడానికి ఒక కర్ర చేసుకున్నడు. మనసు తేలికైంది. ఎనక దగ్గి చెప్పింది కూడ తల్లే అయ్యుంటదనుకున్నడు.

"యాళ్లకు వచ్చి చెప్పినవ్ గనుక బతికిన అవ్వా. లేకుంటే వేళ్లు పోతుండె."

అంజవ్వ చేతిల బీడీ ఆకు ఆగింది. "నేనెక్కడొచ్చిన? ఈ మోకాళ్లతోటి అరుగు దిగుతనా?"

వినీత దిక్కు చూసిండు. ఆమె తల అడ్డంగ ఊపింది.

ఇప్పుడు ఆ తొట్టెల్ల బిడ్డ ఊగుతున్నది. శివకుమార్ మిషన్ల చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు పీకి, ఖాళీ మూలకు చూపిస్తడు. "తీసిన, పోశెట్టన్నా."

మొన్న తొందరల మరిచిపోయిండు. వేళ్లు చక్రం దిక్కు పోతున్నయ్... పోతున్నయ్...

మూలకెల్లి ఎవలో దగ్గిండ్రు.