పద్దెనిమిది మీటర్లు

"ఈ స్ప్రింగులను చంపింది ఎవరు?"

ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి వర్షిణి అడిగేసరికి, మధుసూదన్ చేతిలో టీ కప్పు మధ్యలోనే ఆగిపోయింది. న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ నగరపు మౌంట్ రాస్కిల్‌లోని ఆ హైస్కూల్లో ఫిజిక్స్ టీచరుగా చేరి అతనికి అది నాలుగో రోజు. ఆమె అక్కడి సైన్స్ ల్యాబ్ టెక్నీషియన్.

"చంపడమేంటండీ? పిల్లలు బరువులు వేలాడదీసి, ఎంత సాగిందో కొలిచారు. అంతే."

"కొలిచేందుకు మూడు వందల గ్రాములు చాలు. మీవాళ్లు కిలో వేలాడదీసిన్రు. ఇగ ఇవి ముడుచుకోవు. చూడండి, సేమ్యా లెక్క అయినయ్."

"ఎలాస్టిక్ లిమిట్ దాటితే ఏమవుతుందో కళ్లారా చూడమని నేనే చెప్పానండి."

"ఒక్క స్ప్రింగుతో చూపిస్తే అయిపోవు గదా! ఇరవై నాలుగు కావాల్నా?"

మర్నాడు ల్యాబ్ బల్ల మీద శాండ్రింగ్‌హమ్ పేటలోని ఇండియన్ కొట్లో కొన్న కాజాల పొట్లం ప్రత్యక్షమైంది. పైన 'సంతాపంతో' అని రాసి ఉంది.

వర్షిణి ఒకటి కొరికింది. "ఇది కాజా కాదు సార్, ఇటుక. దీన్ని వేలాడదీస్తే మిగిలిన స్ప్రింగులు గూడ చస్తయ్."

అలా మొదలైంది వాళ్ల స్నేహం. ఆమెది కరీంనగర్, అతనిది అమలాపురం. మాటకి మాట అప్పజెప్పుకోవడానికి ఆ రెండు యాసల మధ్య దూరం చాలు.

ఆ చలికాలమంతా ఆక్లాండ్‌లో వాన. డ్రాప్ చేస్తానంటే మాత్రం ఆమె ఒప్పుకునేది కాదు. "కారెక్కితే వాంతులైతయ్" అని తడుస్తూనే బస్ స్టాప్‌కి నడిచేది. తనంటే ఇష్టం లేదేమోనని అతను రెండు వారాలు మథనపడ్డాడు. మూడో వారం తనూ వచ్చి బస్సెక్కాడు.

"మీ కారేది?"

"దానికీ రెస్ట్ కావాలి కదండీ."

ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వుకోవడం అద్దంలో అతనికి కనబడింది.

ఆగస్టులో ఒక మంగళవారం ఇయర్ లెవెన్ పిల్లలకి అతను వేగం, బ్రేకులు, ఆగే దూరం పాఠం చెబుతున్నాడు. ప్రయోగానికి చిన్న ట్రాలీలు తీసుకుని వర్షిణి లోపలికి వచ్చింది.

"ఎదురుగా ఒక వ్యాన్ గీత దాటి వచ్చింది. ఇటు కారు నడిపేవాడు ఫోన్ చూస్తున్నాడు. మూడు సెకన్లు ఆలస్యం. ఏమవుతుంది?" అని ఇంగ్లీషులో అడిగాడు మధుసూదన్.

"చచ్చాడు సార్!" అని వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు. క్లాసంతా నవ్వింది.

వర్షిణి చేతిలోని ట్రే జారి నేల మీద పడింది. ట్రాలీలు తలో దిక్కుకి దొర్లిపోయాయి. ఆమె వాటిని ఏరకుండానే వెళ్లిపోయింది.

బెల్ కొట్టాక స్టోర్ రూమ్‌లో ఆమెను చూశాడు. అట్టపెట్టె మీద కూర్చుని ఉంది.

"నా భర్త పేరు రాఘవ్" అంది తల ఎత్తకుండా. "రెండేండ్ల కింద హామిల్టన్ నుంచి వస్తున్నడు. ఇంకెంతసేపని నేను ఫోన్ చేసిన. వస్తున్ననని పెట్టేసిండు. నిమిషానికే యాక్సిడెంట్. ఫోన్ చూసుకుంటనే ఉన్నడేమో సార్."

మధుసూదన్ ఇంకో పెట్టె లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"పోలీసు రిపోర్టుల ఏవో లెక్కలున్నయట. నేను తెరవలే. మీరు చదవండి. నిజం చెప్పండి, జాలితోటి చెప్పొద్దు."

ఆదివారం మధ్యాహ్నం ఆ ఫైలుతో అతను వాళ్లింటికి వెళ్లాడు. రాఘవ్ తల్లి లక్ష్మీబాయి సోఫా అంచున కూర్చుని ఉంది. రెండేళ్లుగా అత్తాకోడళ్లిద్దరూ ఆ ఇంట్లోనే ఉంటున్నారు. ఇద్దరి ముందూ చెప్పమని వర్షిణే అడిగింది.

"వ్యాన్ గీత దాటినప్పుడు రాఘవ్ గారి కారు ఎక్కడుందో వెనక కారు కెమెరాలో పడిందమ్మా" అన్నాడు. "అక్కడి నుంచి ఆయన టైర్ల గుర్తులు మొదలైన చోటికి పద్దెనిమిది మీటర్లు. ఆ వేగంలో కారు సెకనుకి ఇరవై రెండు మీటర్లు పోతుంది. అంటే సెకను నిండకుండానే బ్రేక్ తొక్కారు."

"ఫోన్ చూస్తుంటే?" అంది వర్షిణి.

"అసలు గుర్తులే పడేవి కావండీ. బ్రేక్ తొక్కేలోపే గుద్దుకునేవారు. ఆయన రోడ్డే చూస్తున్నారు. కారు ఆగడానికి ఇంకో ముప్ఫై ఆరు మీటర్లు కావాలి. ఉన్నవి ఇరవయ్యే. ఎవరు నడిపినా ఆగేది కాదు."

"భయపడ్డడా నా కొడుకు?" అంది లక్ష్మీబాయి.

"అది లెక్కలో రాదమ్మా."

ఆమె కోడలి వైపు తిరిగింది. "పదకొండో దినం నాడు, నువ్వు ఫోన్ చేయకపోతే బతుకుతుండె అని నేనే నిన్ను అన్న. ఆ వ్యాన్ నడిపినోడు గూడ పోయె. ఇగ కోపం చేసేతందుకు నువ్వొక్కదానివే మిగిలినవ్ బిడ్డా. తప్పయింది."

వర్షిణి అత్త చేయి పట్టుకుంది.

మధుసూదన్ చప్పుడు చేయకుండా బయటికి నడిచాడు. వర్షిణి మెట్ల దాకా వచ్చింది. వాన పడుతూనే ఉంది.

"లెక్క ఇంకో తీరు వస్తే చెప్తుంటిరా?"

"చెప్పేవాణ్ణండీ. చెప్పాక మీరు మళ్లీ నా మొహం చూడరని కూడా తెలుసు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు." చెప్పులు వేసుకుంటూ అన్నాడు, "మీరంటే నాకు ఇష్టం. ఇవాళ చెప్పాల్సింది కాదు. కానీ నిజం చెప్పమన్నారు కదా."

"నాకింకా రోజూ రాఘవ్ గుర్తొస్తడు."

"రావాలి కదండీ. నేను ఆయన్ని మర్చిపొమ్మనడం లేదు."

వెనక తలుపు తెరుచుకుంది. లక్ష్మీబాయి చేతిలో నీలం రంగు రెయిన్ జాకెట్ ఉంది.

"నా కొడుకుది. రెండేండ్ల సంది కొక్కేనికే వేలాడుతున్నది" అని అతని భుజాల మీద కప్పింది. అతనికది వదులు. "తడవకుండ పో. మల్ల ఆదివారం తెచ్చియ్యి. అన్నం యాళ్లకు రా."

ఆ మాట ఎందుకన్నదో ముగ్గురికీ తెలుసు. మెట్ల మీది మాటలు లోపలికి వినబడ్డాయి.

అతను మలుపు తిరిగేదాకా వర్షిణి చూస్తూ నిలబడింది. లోపలికి వెళ్లేసరికి లక్ష్మీబాయి ఖాళీ కొక్కెం కింద నేల మీద కూలబడి ఉంది. వర్షిణి పక్కన చేరి, ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. రెండేళ్లుగా గదికొకరుగా ఏడ్చిన వాళ్లిద్దరూ, ఆ రోజు ఒకచోట కూర్చుని ఏడ్చారు.