మెదడు మారిస్తే

పొద్దున్నే టీ అందిస్తూ కోడలు ఆ మాట మళ్లీ ఎత్తింది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం ఆమె పని. కంప్యూటర్ ముక్కుతూ మూలుగుతూ నడుస్తోంది. ఈ వారం వీడియో ఇవ్వకపోతే స్టూడియోవాళ్లు ఇంకొకరిని చూసుకుంటామన్నారు.

“ప్రాసెసరంటే దానికి మెదడు మామయ్యా. అది మారిస్తే చాలు, పరిగెడుతుంది.”

మామగారి గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. “ఉన్న మెదడు చాలు. దాని జోలికి పోవద్దు.”

కోడలికి అక్కడే అనుమానం మొలిచింది. రైలు నడిపి రిటైరైన మనిషికి కంప్యూటర్ మీద ఇంత పట్టుదల దేనికి? ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తే చాలు, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటారు. అడుగుల చప్పుడైతే తెర మార్చేస్తారు. ఎవరో ఆడమనిషి తియ్యటి మాటలకు ఇల్లు గుల్ల చేసుకున్న పెద్దాయన సంగతి పక్కింటి టీచరమ్మ మొన్ననే చెప్పింది. భర్తతో అంటే “మా నాన్నా? చాల్లే” అని నవ్వేశాడు గానీ, అతనూ తండ్రిని ఓరకంట చూడడం మొదలుపెట్టాడు. అనుమానానికి అంటుకునే గుణముంది మరి.

ఆ మధ్యాహ్నం ఆమె పడుకున్నట్టు నటించి, పిల్లిలా వెళ్లి వెనక నిలబడింది. ఆయన తనలో తాను నవ్వుకుంటున్నారు. హెడ్‌ఫోన్లలోంచి సన్నగా ఆడగొంతు.

“ఎవరు మామయ్యా ఆవిడ?”

గుమ్మడికాయల దొంగలా ఆయన ఉలిక్కిపడ్డారు. ఆమె మొహమాటం పక్కనబెట్టి తీగ లాగేసింది. గొంతు గదంతా వినిపించింది.

“ఏమండీ, ఆ కుర్చీకి అతుక్కుపోయారా? అమ్మాయి పని చేసుకోవాలి. లేవండి!”

అత్తగారు. పోయి ఏడాది దాటింది. ఆవిడ ఉన్న రోజుల్లో ఒకసారి కోడలు మామగారికి మైకు ఎలా పనిచేస్తుందో చూపించి, ఆపడం మరచిపోయింది. అప్పుడు రికార్డయిన తిట్లవి.

మామగారు తలెత్తలేదు. “మెదడు మారిస్తే దీనికి పాతవేవీ గుర్తుండవు కదమ్మా. ఆవిడ గొంతు నాకు ఇంకెక్కడా లేదు.”

తానన్న ఒక్క మాట పట్టుకుని ఆయన ఇన్నాళ్లూ ఎంత భయపడ్డారో తెలిసి కోడలికి ఏడుపొచ్చింది. “జ్ఞాపకాలుండే చోటు వేరు మామయ్యా. మెదడు మారినా అత్తయ్య ఎక్కడికీ పోరు.” ఆయన కళ్లముందే ఆ తిట్లను పెన్‌డ్రైవ్‌లోకీ, ఆయన ఫోన్‌లోకీ ఎక్కించింది. “నేను ఇంకెవరో అనుకున్నాను. తప్పయిపోయింది.”

“ఈవిడతో పడ్డవి చాలవా, ఇంకొకరితో కూడానా?”

ఇద్దరూ నవ్వారు. ఆయన ఫోన్‌లో మళ్లీ ఒకసారి విని కళ్లు తుడుచుకున్నారు.

“బతికుండగా ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా నేను వినలేదు,” అంటూ కుర్చీలోంచి లేచారు. “కూర్చో అమ్మా. పని చూసుకో.”