బోల్టుకు కట్టిన ఎర్ర దారం

పాత ఇనుము కొనేవాడు కింద గేటు దగ్గర తక్కెడ సర్దుకుంటున్నాడు. రాజలింగం వరండాలోని గోనెసంచీని మెట్ల దాకా ఈడ్చుకొచ్చాడు. సంచీ చిరుగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు జారి అనురాధ పాదాల దగ్గర పడింది. అందులో ఒక బోల్టు. బోల్టు మెడకు ఎర్ర దారం.

తమ్ముడు కట్టిన దారం!

పరుశురాం కరోనాతో పోయి నలభై రోజులైంది. ఆసుపత్రి నుంచి వాడి చొక్కా కూడా ఇంటికి రాలేదు. వాడి చేయి తగిలిన వస్తువంటూ మిగిలింది ఈ బోల్టు ఒక్కటే... వాడి మీద సాక్ష్యం చెప్పింది కూడా ఇదే.

"అది సుత సంచిలెయ్యి. జోకుతాండు," అన్నాడు రాజలింగం.

అనురాధ వేయలేదు. కవరులోంచి బోల్టు తీసి దారం కొసను వేళ్ల మధ్య నలిపి చూసింది. ఆమె చేయి అక్కడే ఆగిపోయింది.

పదకొండేళ్లుగా ఆమె చేసేది దారాల పనే. జగిత్యాల నుంచి వలస వచ్చినవాళ్లుండే నవాగామ్‌లోని ఆ వీధి ఆడవాళ్లంతా చీరల కట్టలు ఇంటికి తెచ్చుకుని, వెనుక వేలాడే పోగులు కత్తిరించి ఇస్తారు. తెగిన పోగు కొస పీచులా విచ్చుకుంటుంది. కోసిన పోగు కొస నున్నగా ఉంటుంది. చీకట్లో వేలితో తడిమినా ఆమె తేడా చెప్పగలదు.

ఈ కొస నున్నగా ఉంది.

రాజలింగం సాంచాల మీద చీరలు నేసే పని మాని, కిరాయికి తోలడానికి కారు కొన్నది కరోనాకు నెల ముందు. ఏడాదంతా కారు ఇంటి ముందే నిలబడింది. మరుసటి జనవరిలో సర్వీసు గడువు వచ్చింది. షోరూంవాళ్లు ఎనిమిదిన్నర వేలన్నారు. అప్పుడు అనురాధే మొగుణ్ణి బతిమాలింది. "ఇంట్ల మెకానిక్‌ను పెట్టుకొని షోరూముకు పోవుడేంది? తమ్ముడు చెయ్యడా?"

పరుశురాం ఆయిల్‌కు, ఫిల్టర్‌కు రెండు వేలే తీసుకున్నాడు. గ్యారేజీ పెట్టకముందు వాడూ సాంచాల మీద పనిచేసినవాడే. ఆ అలవాటు చేతిని వదల్లేదు. ఏ బండికైనా ఆయిల్ దింపే బోల్టు బిగించాక, దాన్ని పక్కనున్న కంతకు కలిపి ఎర్ర దారం చుట్టి, పోగులు అతికే ముడి వేసేవాడు. "ఈ దారం ఉన్నంతసేపు బోల్టు తిరగది బావా. తెగిందంటే నా తర్వాత ఇంకెవడో చెయ్యి పెట్టినట్టు," అన్నాడు ఆ రోజు. తర్వాత బానెట్ మీద చరిచి, "పో బావా, జగిత్యాల దాక రందిలేదు," అన్నాడు.

మార్చిలో జగిత్యాలకు మనుషుల్ని తీసుకుపోతుంటే, దారిలో ధూలే అనే ఊరు దాటకముందే ఇంజిన్ పట్టేసింది. చుక్క ఆయిల్ లేదు. షోరూంవాళ్లు బోల్టు విప్పి చూపించారు. "బయటి గ్యారేజీవాడు ముట్టుకున్నాడు. వారంటీ రాదు," అన్నారు. కొత్త ఇంజిన్‌కు లక్షా పది వేలు!

రాజలింగం ఆ బోల్టును తెచ్చి, పది మంది ముందు బామ్మర్ది కాళ్ల దగ్గరికి విసిరాడు. "బోల్టు బిగించరాదు గని మెకానిక్‌వా? చీరలకు కట్టుకోరాదూ నీ దారాలు."

పరుశురాం ఆ బోల్టును చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత దాన్ని బావ చేతిలోనే పెట్టి, తల దించుకుని ఒకే మాటన్నాడు. "తప్పు నాదే బావా."

జాకీలు, గాలి మిషను, చివరికి పానాల పెట్టె కూడా అమ్మి ఇంజిన్ డబ్బు కట్టాడు. గ్యారేజీ మూతపడింది. ఏప్రిల్‌లో ఊరంతా దగ్గుతుంటే, ఇంకే పనీ దొరక్క శవాలు మోసే బండికి డ్రైవరుగా చేరాడు. మూడు వారాలు తోలాడు. నాలుగో వారం అదే బండిలో పోయాడు...

తమ్ముడి పనితనం తెలిసి కూడా తాను నోరు మూసుకుంది. వాడు ఒప్పుకున్నాడు కదా అనుకుంది. అనురాధ దారం కొసను మొగుడి కళ్ల ముందుకు చాపింది.

"ముడి ముడి లెక్కనే ఉన్నది," అంది. "దారం బ్లేడుతోటి కోసిండ్రు. తమ్ముడు కట్టినంక దీన్ని ఎవలు విప్పిండ్రు?"

"నాకేమెర్క? షోరూమోడు కోసిండేమో."

"షోరూమోడు విప్పకముందు ఎట్లుండె? నువ్వు ఆడనే ఉన్నవు గదా."

రాజలింగం కింద గేటు వైపు చూశాడు. సంచీ మూతి వదిలి మెట్టు మీద కూర్చున్నాడు.

"అప్పటికే కోసి, వేలాడుతుండె," అన్నాడు చివరికి.

"నువ్వు చూసినవా?"

"చూసిన." అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "సర్వీసు పుస్తకంల ముద్ర లేకుంటే వారంటీ పోతదని భయమైంది అనురాధా. షోరూంల పనిచేసేటోనికి వెయ్యి రూపాయలిచ్చిన. రోడ్డు మీదనే ముద్ర కొట్టిండు. ఆయిల్ కొత్తదేనా చూస్తనని దారం కోసి బోల్టు విప్పిండు... జల్దిల చేతితోటే బిగించినట్టున్నడు. ఇంజిన్ పోయినంక చూస్తే ఆ ముద్ర వాళ్ల కంప్యూటర్ల లేదాయె. దొంగ ముద్ర కొన్ననని ఎట్ల చెప్పాలె? నోటికి పరుశురాం పేరొచ్చింది."

"వాడు పోయినంక సుత చెప్పకపోతివి."

"ఇంక చెప్తే ఏమొస్తదనుకున్న."

గడప లోపల చీరల కట్ట ముందేసుకున్న బుచ్చవ్వ కత్తెర కింద పెట్టింది. కొడుకు పోయినప్పటి నుంచి ఆ తల్లి కూతురింట్లోనే ఉంటోంది.

"వానికి ఎర్కనే బిడ్డా," అంది.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఆ దినమే ఇంటికొచ్చి చెప్పిండు. 'దారం కోసిండ్రవ్వా, బావ ఇంకెవనికో చూపెట్టిండు. అక్కకు చెప్పకు. నేను ఎట్లనన్న బతుకుత. అక్క ఆయనతోటి బతకాలె గదా' అన్నడు. వాని తల మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు తీసుకున్నడు." ముసలామె తన అరచేతిని తిప్పి చూసుకుంది. "ఒట్టేసిన తలే లేదు. ఇంక నేనెవని కోసం దాచాలె?"

రాజలింగం మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి అత్త కాళ్లు పట్టుకున్నాడు. బుచ్చవ్వ కాళ్లు వెనక్కి లాక్కోలేదు. చేయి ఎత్తి దీవించనూ లేదు. మళ్లీ కత్తెర అందుకుంది.

కింద ఇనుము కొనేవాడు రెండుసార్లు పిలిచి వెళ్లిపోయాడు.

ఎనిమిది రోజులకు జగిత్యాలకు బేరం వచ్చింది. రాజలింగం ముందురోజే ఎక్కడో ఆయిల్ మార్పించుకొచ్చాడు. ఎక్కడని ఆమె అడగలేదు. ఇల్లు నడవాలి... ఇద్దరు ఆడపిల్లలు, ఇప్పుడు తల్లి కూడా. తమ్ముడు తన బతుకు ధారపోసి నిలబెట్టిన కాపురం ఇది. దాన్ని తన్నేసి వెళ్లే హక్కు కూడా వాడు ఆమెకు మిగల్చలేదు!

తెల్లవారుతుండగా అనురాధ చేతిలో ఎర్ర పోగుతో కిందికి వచ్చింది. గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరింది. రాజలింగం టార్చి పట్టుకున్నాడు. బోల్టును చేత్తో కదిపి చూసింది. గట్టిగానే ఉంది. పోగు చుట్టి, తమ్ముడు వేసే ముడే వేసింది.

లేచి చీర దులుపుకుంది. అతను సీట్లో కూర్చుని ఎదురుచూశాడు. తాళం తిప్పలేదు. దేనికోసం చూస్తున్నాడో ఆమెకు తెలుసు.

ఆమె చేయి బానెట్ మీద ఆనింది. చరచలేదు.

"పో," అంది. అంతే.