గార్డుగారి మొదటిరోజులు

ఆ ఇంట్లో ఎవరైనా గడప దాటాలంటే ముందు గార్డుగారు జెండా ఊపాలి.

గార్డుగారంటే ఆ ఇంటి చిన్నకొడుకు. పన్నెండేళ్ళవాడు. మాటలు తక్కువ, పట్టుదల ఎక్కువ. రైళ్ళంటే ప్రాణం. జేబులో ఎప్పుడూ ఒక పచ్చ చేతిరుమాలు ఉంటుంది. తండ్రి షాపుకి బయల్దేరినా, తల్లి డ్యూటీకి వెళ్తున్నా, ఆఖరికి పాలవాడు మెట్లు దిగుతున్నా వాడు బాల్కనీలో నిలబడి ఆ రుమాలు ఊపాల్సిందే. ఊపకముందే ఎవరైనా కదిలారా, ఆ పూట ఇల్లు పీకి పందిరేస్తాడు. వాడి లోకం వేరని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. తెలిసిన గదిలో, తెలిసిన మనుషుల మధ్య వాడంత బుద్ధిమంతుడు ఇంకొకడుండడు. కొత్త చోటికి తీసుకెళ్తే మాత్రం మొదటిరోజు నరకమే. ఆ మొదటిరోజుకి జడిసి వాళ్ళు చుట్టాలిళ్ళకి వెళ్ళడం కూడా మానుకున్నారు.

"అక్కా, టీ చల్లారిపోతోంది" అని వంటింట్లోంచి తల్లి కేకేసింది.

ఆవిడ పిలిచింది తన అక్కని కాదు, కన్నకూతుర్ని. నాలుగేళ్ళు నిండినా నోరు విప్పని పిల్లవాడు ఒకనాడు ఉన్నట్టుండి 'అక్క' అన్నాడు. ఆ సంబరంలో అమ్మా నాన్నా కూడా ఆ పిల్లని అక్కా అనే పిలవడం మొదలుపెట్టారు. వాళ్ళని చూసి పక్కింటివాళ్ళు, పాలవాడు అందరూ అదే పట్టుకున్నారు. అంతకుముందు ఆ పిల్ల ముద్దుపేరు పండు. ఆ పేరు తమ్ముడి ఉయ్యాలతో పాటే అటకెక్కింది. ఇప్పుడు అక్కకి పద్దెనిమిదేళ్ళు. వేరే ఊళ్ళో నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. సెలవులు అయిపోతే హాస్టల్‌కి వెళ్ళిపోతుంది.

టీ గ్లాసు అందుకుంటూ అక్క ఫ్రిజ్ వైపు చూసింది. తలుపుకి కొత్తగా ఒక రంగుల కాగితం అంటించి ఉంది. పెద్ద చక్రం, నీళ్ళలోకి జారే పడవలు, కింద మూలగా ఎర్రటి బొమ్మరైలు.

"థీమ్ పార్కు!" అంది తల్లి, దాచుకున్న కబురు ఇక ఆపుకోలేక. "దాదాపు రెండు వారాలు. పార్కులోనే గది. కిటికీ తెరిస్తే బొమ్మరైలు కనబడుతుందట. గది మారక్కర్లేదు, మంచం మారక్కర్లేదు. ఒక్క మొదటిరోజు ఓర్చుకుంటే చాలు, తరవాత వాడి మానాన వాడు రైలెక్కి కూర్చుంటాడు. మనం నలుగురం ఒక్కచోట హాయిగా ఉంటాం."

"మరి నేను చెప్పిన చిన్న ట్రిప్పులు?" అంది అక్క. "రెండేసి రోజులు సరస్సు దగ్గర, కొండ మీద, సముద్రం దగ్గర. మధ్యమధ్య ఇంటికొచ్చేద్దామన్నానుగా."

"మూడు చోట్లంటే మూడు మొదటిరోజులే! నీకేమైనా మతి పోయిందా? ఒక్కదానికే తల ప్రాణం తోకకొస్తుంటే!"

"అందుకేనమ్మా..."

"అందుకే లేదు, ఇందుకే లేదు. ఏమండీ, మీరైనా చెప్పండి."

తండ్రికి కళ్ళద్దాల షాపు. షాపుకొచ్చిన వాళ్ళందరికీ చూపు సరిచేసి పంపే మనిషి, ఇంట్లో గొడవొస్తే మాత్రం ఏ పక్కకీ చూడడు. "ఇద్దరూ చెప్పేది బాగానే ఉంది" అని బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. బాల్కనీలో పచ్చరుమాలు ఊగింది. ఆయన బయటపడ్డాడు.

తల్లి పని పెద్దాసుపత్రి లాండ్రీలో. రోజంతా దుప్పట్లే. వేడివేడిగా యంత్రంలోంచి వస్తుంటే అటొకరు ఇటొకరు పట్టుకుని మడవాలి. ఆ రోజు ఆవిడ చేతులు దుప్పటి మీద ఉన్నాయి గానీ మనసు ఇంటి దగ్గరే ఉంది. పోయిన ఏడాది లాడ్జిలో వాడు ఏడ్చిన ఏడుపుకి మేనేజరొచ్చి గది ఖాళీ చెయ్యమన్నాడు. అప్పుడు ఆవిడ మంచం మీద కూలబడి తానూ ఏడ్చింది. తండ్రి మంచినీళ్ళ సీసా తెస్తానని కిందికి దిగాడు, గొడవ సద్దుమణిగేదాకా పైకి రాలేదు. వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని ఊరుకోబెట్టింది అక్కే. ఎప్పుడైనా అక్కే. అందరికంటే ముందు కొత్త గదిలోకి వెళ్ళి, లైట్లన్నీ వేసి తీసి, కుళాయి తిప్పి చూపించి, ఇంటినుంచి తెచ్చిన నీలం దుప్పటి మంచం మీద పరిచి, "స్టేషనొచ్చింది, దిగండి దిగండి" అని పిలిచేది.

అలాంటి పిల్ల వెళ్ళిపోతోంది. రెండు వారాలు నలుగురం నవ్వుతూ గడిపితే దాని మనసు మారదా, వాణ్ణి వదిలి వెళ్ళలేనని అనదా అని ఆవిడ ఆశ. దిక్కుతోచని మనిషికి పార్కు కాగితం కూడా దేవుడి పటంలాగే కనబడుతుంది.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చేసరికి అక్క ఆ కాగితం చేతిలో పట్టుకుని హాల్లో నిలబడి ఉంది. తండ్రి అప్పుడే షాపునుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు. గార్డుగారు గోడవారగా ఇంట్లో ఉన్న చెప్పులన్నీ వరసగా పేర్చి రైలు కడుతున్నాడు.

"అమ్మా, పార్కునుంచి మనం తిరిగొచ్చేది ఏ రోజు?"

"ఏ రోజో ఒక రోజు. ఇప్పుడెందుకు?"

"ఆ ముందురోజే నేను హాస్టల్లో చేరాలి."

తండ్రి చెప్పు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది.

"అవునా? చూసుకోలేదు. ఒక్కరోజు అటూఇటూ అయితే కొంపలేం మునిగిపోవు. ఫోన్ చేసి చెబుదాం."

"ఆ రోజుకి చేరకపోతే సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నీకు తెలుసమ్మా. ఆ ఉత్తరం నీకు చదివి వినిపించింది నేనే."

"పోతే పోయింది!" తల్లి గొంతు ఒక్కసారిగా లేచింది. "ఇక్కడ చదువుల్లేవా? ఇంటి పక్కనే కాలేజీ పెట్టుకుని అంత దూరం దేనికి? సరస్సులు, కొండలు, సముద్రాలు! తిరుగుళ్ళు కావాలి నీకు, తమ్ముడక్కర్లేదు!"

"తమ్ముడక్కర్లేదా?" అక్కకి ఏడుపొచ్చేసింది. "పోయినసారి పార్కుకెళ్ళినప్పుడు నేనేం ఎక్కానో చెప్పమ్మా."

"అదిగో, ఆ పెద్ద చక్రం..."

"ఎక్కలేదు. టికెట్ కొన్నాం, అంతే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడి పక్కన బొమ్మరైల్లోనే కూర్చున్నాను. మీరిద్దరూ చెట్టుకింద నిద్రపోయారు. అలిసిపోయారని లేపలేదు."

అరుపులకి గార్డుగారు రెండు చెవులూ మూసుకుని ఊగడం మొదలుపెట్టాడు. ఏడుస్తూనే అక్క వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. వాడి వీపు మీద చెయ్యి వేసి రైలు చప్పుడులా మెల్లగా తట్టింది. తనేడుస్తోందని కూడా మర్చిపోయింది. కాసేపటికి వాడు మళ్ళీ చెప్పు అందుకున్నాడు.

తల్లి అదంతా చూసింది. తరవాత ఒక్కసారిగా నేలమీద కూలబడింది.

"అదే! అదే నాకు రాదు" అంది వెక్కుతూ. "నువ్వు వెళ్ళిపోతే వాణ్ణి ఎవరు ఊరుకోబెడతారే? కన్నదాన్ని. నా కొడుకుని సముదాయించడం నాకే రాదు. ఆసుపత్రిలో అన్ని దుప్పట్లు మడుస్తాను, వాడికి ఒక్క దుప్పటి పరవడం చేతకాదు. అవును, తారీఖు చూసే గది రాయించాను. తెలిసే చేశాను. నువ్వు ఆగిపోతావని చేశాను. ఇప్పుడు తిట్టు నన్ను."

తండ్రి కళ్ళద్దాలు తీసేసి తలదించుకున్నాడు. ఎన్ని సీసాల మంచినీళ్ళ కోసం ఎన్నిసార్లు కిందికి దిగాడో ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది.

అక్క తిట్టలేదు. మోకాళ్ళ మీద జరుగుతూ తల్లి దగ్గరికొచ్చింది.

"మూడు చోట్లు ఎందుకడిగానో ఒక్కసారైనా విన్నావా? నాకు సరస్సు కావాలని కాదు. నాకు మొదటిరోజులు కావాలి. ఎన్ని ఎక్కువైతే అంత మంచిది."

"ఏంటే నువ్వనేది?"

"పార్కులో ఉండేది ఒక్కటే మొదటిరోజు. అది మళ్ళీ నేనే దాటిస్తాను, మీరు హాయిగా ఉంటారు. తరవాత నేను వెళ్ళాక? వాణ్ణి ఎప్పుడో ఒకప్పుడు కొత్త బడికి మార్చాలి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అన్నీ మొదటిరోజులే కదమ్మా. అందుకే, సరస్సు దగ్గరికి నేనూ వస్తాను, కానీ గదిలోకి నువ్వెళ్ళు. నేను తలుపు బయటుంటాను. కొండ మీదికి మీరు ముందెళ్ళండి, నేను తర్వాత బస్సుకి వస్తాను. సముద్రానికి..." అక్క తమ్ముడి వైపు చూసింది. "సముద్రానికి నేను రాను. మీరు ముగ్గురే."

తమ్ముణ్ణి వదిలించుకుని తిరగడానికి కూతురు అడిగిందనుకుంది తల్లి. తను లేకపోయినా వాడు బతకాలని అడిగిందని ఇప్పుడు తెలిసింది. కన్నతల్లికి రావలసిన ఆలోచన ఆ చిన్నపిల్లకి వచ్చింది. ఆవిడ కూతుర్ని గుండెకి హత్తుకుని చాలాసేపు ఏడ్చింది.

"వాడు నా దగ్గర ఊరుకోకపోతే?"

"ఊరుకోడు. మొదట అస్సలు ఊరుకోడు."

పార్కు కాగితం ఫ్రిజ్ మీదికి తిరిగి వెళ్ళలేదు. తండ్రి ఫోన్ చేసి ఆ గది వద్దని చెప్పేశాడు. ఎవరూ అడక్కుండా ఆయన చేసిన పని ఆ ఏడాది అదే మొదటిది.

సరస్సు పక్కన లాడ్జి పాతది. గది పై అంతస్తులో. తండ్రి ఈసారి మంచినీళ్ళ సీసా మాటెత్తలేదు. కౌంటర్ దగ్గర నిలబడి, "మావాడు కాసేపు గట్టిగా అరుస్తాడండీ. ఎవర్నీ ఏమీ చెయ్యడు. దయచేసి ఓర్చుకోండి, ఏదైనా ఉంటే నాతో చెప్పండి" అని మేనేజర్ని బతిమాలుతున్నాడు.

పైన తల్లి ముందుగా గదిలోకి వెళ్ళింది. లైట్లు వేసింది, తీసింది. కుళాయి తిప్పింది. నీలం దుప్పటి మంచం మీద పరిచింది. "స్టేషనొచ్చింది, దిగండి దిగండి" అని పిలిచింది. ఆ గొంతులో వణుకు వాడికి తెలిసిపోయింది. గుమ్మం దగ్గర కొయ్యబారిపోయి అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అక్క వాడి వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించుకుంది. ఆ వేళ్ళు విడిపించడం కంటే చెయ్యి తెంచుకోవడం సులువనిపించింది. తల్లి వాణ్ణి లోపలికి లాక్కుని తలుపు మూసింది.

"అక్క! అక్క! అక్క!"

అక్క ఎదుటి గోడకి ఆనుకుని చెవులు మూసుకుంది. లోపల ఏదో కింద పడి పగిలింది. పక్కగదివాళ్ళు తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకున్నారు. 'దుప్పటి తిరగేసి వేసుంటుంది' అనుకుంది అక్క. చిరిగిన అంచు తలవైపు ఉండాలి. ఆ పోగులు వేళ్ళకి చుట్టుకుంటేగాని వాడికి ధైర్యం రాదు. ఈ ముక్క చెప్పానా, చెప్పలేదా? ఒక్క మాట కేకేస్తే సరిపోతుంది. తలుపు గొళ్ళెం మీద చెయ్యి కూడా వేసింది. మళ్ళీ తీసేసింది. తనకి తెలిసినవన్నీ ఇలా తలుపు బయటినుంచి ఎన్నాళ్ళు అరిచి చెప్పగలదు?

"అక్క బయటుంది నాన్నా. అమ్మ ఉంది. ఇదిగో, అమ్మ ఉంది చూడు." లోపల తల్లి గొంతు కూడా ఏడుస్తోంది. వాడి అరుపులు ఎంతకీ తగ్గలేదు. ఇంక పని జరగదు, సామాను సర్దుకుని ఇంటికి వెళ్ళిపోవడమేనని అక్క ఆశ వదులుకుంది. హాస్టలూ లేదు, ఏమీ లేదనుకుంది.

అప్పుడు వినిపించింది. "దేనికోసం వెతుకుతున్నావు నాన్నా? ఈ పోగులా? అయ్యో, తిరగేశానా? ఉండు, ఉండు, తిప్పుతున్నా."

అరుపు మూలుగయింది. మూలుగు వెక్కిళ్ళయింది. తరవాత ఏమీ వినబడలేదు.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. తల్లి జుట్టు రేగిపోయి ఉంది. చెంప మీద గోటి గీరుడు, కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"పండూ" అని పిలిచింది.

అక్క వెనక్కి తిరిగి చూసింది, ఎవర్ని పిలుస్తోందా అని. అక్కడ ఎవరూ లేరు.

"నిన్నేనే. ఇక్కడ కాపలా ఏంటి? వెళ్ళి సరస్సు చూసిరా."

"వాడు..."

"మంచం కింద ఉన్నాడు. నేనూ అక్కడికే వెళ్తున్నా" అని తల్లి తలుపు వేసుకుంది.

పండు కిందికి దిగింది. మెట్ల దగ్గర తండ్రి ఎదురొచ్చి తల మీద చెయ్యి వేసి పైకి వెళ్ళాడు. గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది గానీ కాళ్ళు ముందుకి పడలేదు. పై గది కిటికీ వైపే చూస్తూ నిలబడింది. వెళ్తే ద్రోహం చేసినట్టుంది, వెనక్కి వెళ్తే అమ్మ పడ్డ పాటంతా వృథా. ఎంతసేపు అలా నిలబడిందో తనకే తెలియదు.

లాడ్జి ముందునుంచి ఒక బస్సు బయల్దేరింది. పై కిటికీలో పచ్చరుమాలు ఊగింది. గార్డుగారు బస్సుని పంపిస్తున్నారు, అంతే అనుకుంది.

బస్సు మలుపు తిరిగి కనుమరుగైంది. రుమాలు ఆగలేదు. కిటికీలో వాడి వెనక అమ్మ నిలబడి ఉంది. వాడు రోడ్డు మీద ఇంకా కదలని అక్కనే చూస్తూ, కోపంగా, గట్టిగట్టిగా ఊపుతున్నాడు.

జెండా ఊపాక ఆ ఇంట్లో ఎవరూ ఆగకూడదు. పండు కళ్ళు తుడుచుకుని సరస్సు వైపు నడిచింది.