మొదటిసారి వచ్చిన పెద్దమనిషి

“‘కొంగ’ అనే మారుపేరున్న గూఢచారి ఈ ఉదయమే సైగాన్‌లో దిగాడు,” అన్నాడు కర్నల్ థాక్. “సర్జరీతో ముఖం మార్చుకున్నాడు. ఒకప్పుడు ఏళ్ల తరబడి ఇక్కడే మకాం వేసినవాడు. రేవులోని చమురు ఓడను పేల్చడం వాడి పని. వాడెవడో నువ్వు తేల్చాలి.”

ఏజెంట్ ఖోయ్‌కి ఈ ఆపరేషన్ నచ్చింది. అందులో తోటి ఏజెంట్ దియెప్ పాత్రే నచ్చలేదు. శత్రుముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది గానీ, ఆమె పనిచేసేది కర్నల్ కిందే. ఇప్పుడు గైడ్ వేషంలో, నీలం పట్టు ఆవ్‌జాయ్ తొడుక్కుని, ఈ ఉదయమే దిగిన వెస్కర్ అనే టూరిస్టును ఊరంతా తిప్పుతోంది. ఖోయ్ కోసం ఆమె ఏనాడూ అంత ముస్తాబు కాలేదు.

చమురు ఓడ కనిపించే నది ఒడ్డున, నూడుల్స్ బండి దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. లాటరీ టికెట్లమ్మే ముసలాడి వేషంలో ఖోయ్ పక్కనే తచ్చాడుతున్నాడు. దియెప్ జుంకాలో దాచిన మైక్ ఒక్క మాట కూడా వదలకుండా అతని చెవిలో వేస్తోంది.

“అబ్బబ్బ, ఇన్ని స్కూటర్లా! ఒకదాని మీద ఫ్రిజ్, ఇంకోదాని మీద కుటుంబమంతా!” వెస్కర్ నోరెళ్లబెట్టాడు. “ఇలాంటి ఊరు కలలో కూడా చూడలేదు. ఇలాంటి గైడ్‌ని అసలే చూడలేదు!”

దియెప్ కిలకిలా నవ్వింది. ఖోయ్ ఒళ్లు మండిపోయింది. ఆ స్కూటర్లను వీడే కనిపెట్టినట్టు ఏమిటా సంబరం!

వెస్కర్ చేతులు కడుక్కోవడానికి లేచాడు.

“ముఠా కోడ్ మాట చెప్పాను. ఉలకలేదు, పలకలేదు,” గొణిగింది దియెప్. “వీడు కొంగ కాదు. పాపం, అమాయకుడు.”

“అమాయకుడా? నీ మోచెయ్యి వదిలాడా?”

“నీ కడుపుమంటకి మందు లేదు, ఖోయ్.”

“చాలించండి!” చెవిలో కర్నల్ గద్దించాడు. “ఖోయ్, టూరిస్టును వదిలేసి హోటల్‌కి వెళ్లు. ఈ ఉదయం దిగినవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు.”

వెళ్లాల్సిందే. కాళ్లు కదల్లేదు.

వెస్కర్ తిరిగొచ్చేసరికి నూడుల్స్ గిన్నెలు వచ్చాయి. అతను మాట్లాడుతూనే డబ్బాలోంచి చాప్‌స్టిక్స్ తీసి, కాగితంతో తుడిచి, ముందు దియెప్‌కి అందించాడు. తర్వాతే తనవి తుడుచుకున్నాడు.

మనసుపడ్డ పిల్లకి సైగాన్ కుర్రాళ్లు చేసే మర్యాద అది. ఇన్నేళ్లుగా కలిసి తింటున్నా ఖోయ్‌కి ఒక్కసారైనా తోచలేదు. కుళ్లుకుంటూనే ఉలిక్కిపడ్డాడు. ఈ పూటే దిగినవాడికి ఇదెవరు నేర్పారు?

“నువ్వు నేర్పావా?” అని ఆమె చెవిలో పడేలా తన మైక్‌లో గుసగుసలాడాడు. దియెప్ తల అడ్డంగా ఊపింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

“ఒక్క ఫోటో!” వెస్కర్ కెమెరా ఎత్తాడు. లెన్స్ దియెప్‌ని దాటి ఓడ వైపు తిరిగింది. వేలు బటన్ మీద పడేలోపు ఖోయ్ దూకి, పొగలు కక్కే గిన్నెను ఆ చేతి మీద బోర్లించాడు.

వెస్కర్ కెవ్వుమని, పక్కా సైగాన్ యాసలో అమ్మనాబూతులు తిట్టాడు. కెమెరా దియెప్ ఒళ్లో పడింది. అందులో ఫిల్ము లేదు, ఓడలోని బాంబును పేల్చే ట్రిగ్గర్ ఉంది.

ఓడ దక్కింది. కొంగ బేడీలతో జీపెక్కాడు. దియెప్ తన గిన్నె ముందుకు లాక్కుని, వాడు తుడిచిచ్చిన చాప్‌స్టిక్స్‌తోనే తాపీగా తినసాగింది.

“అవి సాక్ష్యం. ఇటివ్వు,” అన్నాడు ఖోయ్.

“కర్నల్ గారు అడగలేదే?”

“నేనడుగుతున్నాను!”