మాబూబీ మోకాళ్ళు

పొద్దున ఎనిమిదిన్నరకు సబీహా ఆడవాళ్ళకు తాను నేర్పే యోగా క్లాసు ముగించుకుని బోయిగూడలోని ఇంటికి వచ్చేసరికి, అత్తగారు మాబూబీ ఫోన్లో ఎవరితోనో గొంతు చించుకుంటోంది.

"నా మోకాళ్ళకేమైంది? గుండ్రాయి లెక్కున్న! నూనె పంపుతవా? నీ నూనె నువ్వే రుద్దుకో!"

ఫోను మంచం మీదికి విసిరి కోడలి వైపు తిరిగింది. సబీహాకు సంగతి అర్థమైపోయింది. క్లాసుకు మూడేళ్ళు నిండాయని నిన్న ఆడవాళ్ళంతా ఆమె చేత నాలుగు మాటలు మాట్లాడించి వీడియో తీశారు. 'మా అత్తమ్మ మోకాళ్ళ తక్లీఫ్ చూడలేక యోగా నేర్చుకున్న, అందుకే మీకూ నేర్పిస్తున్న' అని చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. తెల్లారేసరికి ఆ వీడియో చుట్టాల ఫోన్లన్నీ తిరిగి అసలు మోకాళ్ళ యజమానురాలినే చేరింది. అరవై రెండేళ్ళ మాబూబీ ఇప్పటికీ బియ్యం బస్తా భుజాన వేసుకుని రెండో అంతస్తు ఎక్కుతుంది మరి!

"ఏందీ, బస్తీ అంతా నన్ను కుంటిదాన్ని చేసినవ్? నాలుగేండ్ల కింద, నడుముకు యోగా చెయ్యాలని డాక్టర్ చెప్పిండంటివి. ఇప్పుడు నా మోకాళ్ళంటున్నవ్. ఏది నిజం?"

"రెండూ కాదత్తమ్మా."

"అయితే నిజం చెప్పు. లేకుంటే రేపటి సంది క్లాసు బంద్. హుజైఫాకు నేనే చెప్తా."

హుజైఫా తల్లి మాట జవదాటే కొడుకు కాదు. ఆ క్లాసే లేకపోతే తన గతేమిటో సబీహాకు బాగా తెలుసు. ఇక దాచి లాభం లేదనుకుంది.

"ఇంట్లకెంచి బయటవడనీకి," అంది మెల్లగా. "చిన్నోడు పుట్టినంక ఊపిరాడకపోయేది. వంట, పిల్లలు, మీరు, ఆయన. ఎవరి తప్పూ కాదు. ఎండిన బట్టలు మళ్ళా తడిపి, ఆరేస్తనని డాబా మీదికి పోయి ఏడ్చేదాన్ని. ఒకనాడు పక్క గల్లీల యోగా క్లాసుకు పోయిన. కండ్లు మూసుకోమన్నరు. గంటసేపు 'సబీహా' అని ఎవరూ పిలువలే. నా లెక్కటోళ్ళు ఇంకెందరున్నరో అనిపించింది. అందుకే నేర్పిస్తున్న. నా కోసం పోతనంటే పోనియ్యరని అబద్ధం చెప్పిన. మాఫ్ చెయ్యుండ్రి."

తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది. మాబూబీ ఫోను పక్కకు జరిపి మంచం మీద కూర్చుంది.

"పెండ్లయిన కొత్తల గల్లీ నల్లా కాడికి నీళ్ళకు పోయేదాన్ని," అంది. "ఇంట్ల నల్లా పెట్టినంక సుత ఆరేండ్లు పోయిన. గల్లీ నీళ్ళు తియ్యగుంటయని మీ మామను నమ్మించిన. రెండూ ఒకటే నీళ్ళు!"

సబీహాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్నేళ్ళూ ఈమెను చూసేనా నేను భయపడింది అనుకుంది.

"రేపు నేను సుత క్లాసుకు రావాల్నా?" అడిగింది మాబూబీ.

"రాండ్రి అత్తమ్మా," అంది సబీహా, ఒక్క క్షణం ఆలస్యంగా.

ఆ క్షణం పెద్దామె కంట పడనే పడింది. కొంగుతో కోడలి కళ్ళు తుడుస్తూ పకపకా నవ్వింది.

"రాను తియ్, పరేషాన్ గాకు. నువ్వు పోయిరా. నేనొస్తే అది సుత ఇల్లే అయితది."