మెడ వంగిన పటర్

జగ్గయ్యపేటలో మిర్చి కొట్టు పైనున్న ఆఫీసులోకి కల్యాణ్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. చేతిలోని పొడవాటి గుడ్డ సంచిని బల్లమీద పెట్టి, కూర్చోవడం కూడా మరిచిపోయాడు.

“ఎవరో నా కొంప ముంచారండి! మధ్యాహ్నానికి హైదరాబాదు కంపెనీవాళ్లు వస్తున్నారు.”

ప్రైవేటు డిటెక్టివ్ రాజరాజేశ్వరి అతనికి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. అసిస్టెంటు బెన్ని సంచి విప్పాడు. లోపల గోల్ఫ్ కర్ర ఉంది. పచ్చికమీద బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వేయడానికి వాడే పటర్.

నందిగామలో కల్యాణ్ తండ్రి ఒకప్పుడు స్ప్రేయర్ల విడిభాగాలు చేసిన వర్క్‌షాపులోనే ‘మునేరు’ పేరుతో ఈ పటర్లు తయారవుతున్నాయి. గోల్ఫ్ సామాన్లు చేసే పెద్ద కంపెనీ ఒకటి ఆ బ్రాండును కొనబోతోంది. సంచిలో ఉన్నది మొట్టమొదటి మునేరు పటర్. సంతకాలకు ముందు కంపెనీ ప్రతినిధి మనోజ్ఞ దానితోనే ఆడి చూడాలి.

“ఏళ్ల తరబడి నా చేతుల్తో చెక్కిందండి ఇది. నిన్న సాయంత్రం బంతి గీత గీసినట్టు పోయింది. పొద్దున చూస్తే పక్కకి పోతోంది. మెడ వంచేశారు!”

ఇనుప తల కర్రకు అతుక్కునే చోట వంపు కంటికి ఆనీ ఆననట్టుంది. రాజరాజేశ్వరి అక్కడ వేలితో తడిమింది.

“చిన్న గీత కూడా పడలేదు. బట్ట చుట్టి వంచారన్నమాట. మీరు తిన్నగా చెయ్యలేరా?”

“అలాంటివి... మా అక్క చూస్తదండి.”

“తాళాలు ఎవరి దగ్గరుంటాయి?”

“నా దగ్గర, మా అక్క నాగశ్రీ దగ్గర, అమ్మకాలు చూసే నరేంద్ర దగ్గర. వాళ్లకింకా చెప్పలా. చూసీ చూడగానే ఇటు వచ్చేసా.”

“మంచి పని చేశారు. పటర్ పాడైందని మాత్రమే చెబుదాం. ఎలా పాడైందో మీ నోట రానివ్వకండి.”

ముగ్గురూ నందిగామ చేరేసరికి వర్క్‌షాపు గోడకి కొత్త పోస్టరు వేలాడుతోంది. దానినిండా కల్యాణ్ ముఖమే. కింద ‘మునేరు సృష్టికర్త’ అని పెద్దక్షరాలు.

నరేంద్ర దాన్ని చూపించి పెదవి విరిచాడు. “ఊరూరా తిరిగి అమ్మింది నేనండీ. కొత్త కంపెనీలో నాకు చోటు లేదంట. ఫొటో మాత్రం ఆయనది!”

“పటర్ పాడైంది తెలుసా?”

“పాడైందా? ఎవడన్నా రాయికేసి కొట్టాడా ఏంటి? అయితే మన పని అయిపోయినట్టే!”

నాగశ్రీ ఇనుము చెక్కే లేతు మిషను దగ్గర ఉంది. పటర్ పాడైందని చెబితే తల ఎత్తలేదు.

“కాస్త వెచ్చజేసి లాగితే మళ్లీ తిన్నగా వస్తదిలెండి. దానికింత కంగారెందుకు?”

బయటికి రాగానే బెన్ని ఉత్సాహంగా అన్నాడు. “నరేంద్రే మేడం! కడుపుమంట దాచుకోవడం కూడా రాలేదు.”

“దాచుకోలేనివాడు బట్ట చుట్టి వంచుతాడా, బెన్నీ?”

గరికపాడు దగ్గర లారీల రద్దీలో ఇరుక్కున్న మనోజ్ఞ ఆలస్యంగా వచ్చింది. రాజరాజేశ్వరి అందరినీ ఒకచోట కూర్చోబెట్టి పటర్‌ను బల్లమీద పెట్టింది.

“గిట్టనివాడైతే దీన్ని పగలగొట్టేవాడు. దొంగైతే ఎత్తుకుపోయేవాడు. ఈ పని చేసిన మనిషికి దీనిమీద గీత పడితే ప్రాణం విలవిల్లాడుతుంది. తిరిగి తిన్నగా అయ్యేటంత మేరకే వంచారు. పాడైందని వినగానే నరేంద్ర రాయికేసి కొట్టారనుకున్నాడు. నాగశ్రీ గారు మాత్రం లాగితే తిన్నగా వస్తుందన్నారు. వంగిందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.”

“అక్క ఎందుకు చేస్తదండీ?” కల్యాణ్ లేచాడు.

“తన చేతుల్తో చెక్కినవాడికి మెడ సరిచేయడం రాదా కల్యాణ్ గారూ? పొద్దున మీరే చెప్పారు, అలాంటివి అక్క చూస్తుందని. ఈ పటర్ చెక్కింది ఆవిడే.”

నరేంద్ర నోరు తెరిచాడు. కల్యాణ్ తల వంచుకున్నాడు.

“అవును, నేనే వంచా,” అంది నాగశ్రీ. “ఆ పోస్టరు తగిలించిన కాడ్నుంచీ నాకు తిండి సయించలా. ఒక్కసారన్నా అందరి ముందూ వీడు తనదని చెప్పుకునే పటర్‌తో కొట్టిన బంతి పక్కకి పోవాలనిపించింది. నాలుగు మాటలు చెప్పి జనాన్ని తనవైపు తిప్పుకుంటాడు. ఆ నోరు నాకు లేదుగా!”

“నాకు నీ చేతులు లేవుగా అక్కా,” అన్నాడు కల్యాణ్. “చిన్నప్పట్నుంచీ నాన్న నీ పనే మెచ్చుకునేవాడు. నాకు ఒళ్లు మండేది. అందుకే నీ పేరు ఎక్కడా చెప్పలా.”

మనోజ్ఞ కాగితాలు సంచిలో పెట్టేసుకుంది. “పటర్ ఎవరు తయారుచేశారో కాగితాలమీద తేలకుండా మేం కొనలేమండీ. మీరిద్దరూ ఒక మాటమీదికి వచ్చాకే నన్ను పిలవండి.”

పిలుపు వెళ్లడానికి నెల పట్టింది. ఈసారి ఒప్పందంలో నాగశ్రీ పేరు ముందుంది. నరేంద్ర ఉద్యోగం నిలబడాలని ఆమె పట్టుబట్టి సాధించింది.

సంతకాల రోజు హైదరాబాదు హోటల్లో ఆమెను వేదికమీదికి పిలిచారు. మైకు ముందు నిలబడింది. చూపు తమ్ముడివైపు వెళ్లింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. వెళ్లి మాట్లాడమన్నట్టు నరేంద్ర కల్యాణ్‌ని మోచేత్తో పొడిచాడు.

కల్యాణ్ కదల్లేదు. అక్క నోట మొదటి మాట వచ్చేదాకా, అందరితోపాటు తనూ కూర్చుని ఆగాడు.